మా ఇంట ఒకే ప్రింటర్

ఒక బావిలో నాలుగు ఇళ్ళవారు నీరు చేదుకోవచ్చును. ఒక రోటిలో వాడకట్టు స్త్రీలందరు వంతులవారీగా కారం దంచుకోవచ్చును. ఇట్టి ఉమ్మడి వాడుక మన గ్రామాలకు కొత్త కాదు. కాని ఒకే యంత్రాన్ని ముగ్గురు వ్యక్తులు, ఎవరి గదిలో వారు కూర్చుండి, మధ్య తీగ అయినా లేకుండా వాడుకొనటం మా తరం చూసిన వింత. ఆ వింతలోని సుఖాన్ని మేము అనుభవించాము. అందులోని ఒక లోపాన్ని మేము గమనించనందువలన మాలో ఒకరికి ఒక సంవత్సరపు అవకాశం చేజారిపోయినది. ఆ రెంటినీ సోదర విద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు విన్నవించుకొనటానికే ఈ నాలుగు మాటలు.

‘మేము’ అనగా ముగ్గురు తోబుట్టువులం. ఈ వ్యాసం ముగ్గురం ఒకచోట కూర్చుండి వ్రాసినదే. కనుక ‘నేను’ అన్న మాట ఇందులో రాదు. మాది నారాయణఖేడ్ ప్రాంతంలోని సిర్గాపూర్. 1956 నవంబర్ 1కి పూర్వం నారాయణఖేడ్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో మెదక్ జిల్లాలో కలిసినది. 2016 అక్టోబర్‌లో సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు మా సిర్గాపూర్ మండల కేంద్రమైనది. ఇన్ని మార్పుల గుర్తులు మా ఇంటి కాగితాల పెట్టెలో కనిపిస్తాయి. అడుగున తాతల నాటి ఉర్దూ దస్తావేజులు, వాటిపైన తెలుగు పాసుపుస్తకాలు. రెండు లిపులూ మా ఇంట మొదటినుండీ ఉన్నవే.

మాలో పెద్దవాడు ఉర్దూ టైపు పని చేస్తాడు. నికా రుఖాలు, మదర్సా ప్రకటనలు, అర్జీలు అతని జీవనాధారం. నడిమివాడు ఒక ప్రయివేటు పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుడు. ప్రతి పరీక్షకూ ప్రశ్నపత్రాలు తయారు చేయవలసినవాడు. చిన్నది ఇప్పుడు ఈ కళాశాల విద్యార్థిని. ఇట్లు ముగ్గురికీ మూడు కంప్యూటర్లు ఏర్పడినవి. ప్రింటర్ మాత్రం ఒక్కటే. 2019లో అబ్బా తన పొదుపులోనుండి కొనిపెట్టిన చిన్న లేజర్ ప్రింటర్ అది. నలుపు రంగు తప్ప మరొకటి ఎరుగదు. ద్రవపు సిరా వాడే యంత్రమైతే, వారాల తరబడి వాడకుంటే సిరా ఎండి రంధ్రాలు మూసుకొనిపోతాయి. లేజర్ ప్రింటర్‌లో పొడి సిరా ఉండును గనుక ఆ బాధ లేదని ఎంచుకొన్నాము.

మొదట ఆ ప్రింటర్ పెద్దవాని గదిలో, అతని కంప్యూటర్‌కు కేబుల్‌తో కట్టివేయబడి ఉండేది. మిగిలిన ఇద్దరం మా వ్రాతలను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొని అతని తలుపు తట్టేవారము. ఇందులో మొదటి కష్టం అతని పని ఆగిపోవటం. రెండవ కష్టం అంతకన్న పెద్దది. నడిమివాడు పాఠశాలవారి అలవాటును అనుసరించి అను ఫాంట్లలో ప్రశ్నపత్రం వ్రాసేవాడు. ఆ పత్రాన్ని పెద్దవాని కంప్యూటర్‌లో తెరిస్తే, అక్షరాలు ఉండవలసిన చోట ఆంగ్లపు గుర్తులు, బ్రాకెట్లు, ప్రశ్నార్థకాలు బారులు తీరి కనిపించేవి. ‘సందర్భసహిత వ్యాఖ్య వ్రాయుము’ అన్న ప్రశ్న ఒక విచిత్రమైన బీజగణిత సూత్రంగా మారిపోయేది. అమ్మీ చూసి, “ఇది ఏ దేశం భాషరా?” అని నవ్వేది.

కారణం తెలిసిన తరువాత మేమూ నవ్వుకొన్నాము. పాత తెలుగు ఫాంట్లు ఆంగ్లాక్షరాలకు కేటాయించిన సంఖ్యల స్థానంలోనే తెలుగు రూపాలను కూర్చుకొన్నవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌కు అవి వట్టి ఆంగ్లపు గుర్తులే. తెలుగు అక్షరాలకు ప్రపంచమంతటా చెల్లే స్వంత సంఖ్యలు 1991లో యూనికోడ్‌తో వచ్చినవి. అయినా అచ్చుపనివారు, బడులవారు పాత ఫాంట్లను ఒక్కసారిగా విడిచిపెట్టలేదు. ఉర్దూ సంగతి మరింత కఠినం. నస్తాలీఖ్ లిపిలో అక్షరం పక్క అక్షరాన్ని బట్టి వాలును, కూర్పును మార్చుకొంటుంది. చాలాకాలం ఉర్దూ పత్రికలను కాతిబులు చేతితో వ్రాసి, ఆ వ్రాతనే అచ్చు వేసేవారు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ కృషితో నూరీ నస్తాలీఖ్ వెలువడినది. వేలకొలది అక్షర సంయోగాలను ముందుగానే వ్రాయించి యంత్రానికి అందించిన తరువాతనే అది సాధ్యమైనది. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ దానిని సామాన్యుని బల్లమీదికి తెచ్చినది. పెద్దవాడు వాడేది అదే. ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్‌లో అతని పత్రాలు తెరుచుకొననే తెరుచుకోవు.

2021లో నడిమివాడు ఒక సంగతి గ్రహించినాడు. పెన్‌డ్రైవ్‌లో పోయేది వ్రాతప్రతి. దానిని చదవటానికి అవతలి కంప్యూటర్‌కు అదే ఫాంటు, అదే సాఫ్ట్‌వేర్ ఉండవలెను. ప్రింటర్‌ను అందరం పంచుకొంటే పోయేది వ్రాతప్రతి కాదు, సిద్ధమైన పుట. మా ప్రింటర్ వంటి చిన్న యంత్రాల విషయంలో పుట యొక్క చుక్కల పటం కంప్యూటర్‌లోనే తయారగును. అంగుళానికి 600 చుక్కల చొప్పున ఎక్కడ నలుపు, ఎక్కడ తెలుపు అన్నదే ప్రింటర్‌కు అందును. అది తెలుగా, ఉర్దూయా అన్న ప్రశ్న దానికి లేదు. కాబట్టి ఎవరి ఫాంటు వారి కంప్యూటర్‌లోనే ఉండి, ఎవరి భాషలో వారు వ్రాసుకొని, చివరకు కాగితం మాత్రం ఒక్కచోట తీసుకోవచ్చును. ఒకరి కొరకు మరొకరు తమ పద్ధతి మార్చుకొననవసరం లేదు. ఈ మాట మాకు ఎంతో నచ్చినది.

అప్పటికి ఇంటిలో ఇంటర్నెట్ కొరకు రౌటర్ ఉన్నది. తీగ లేకుండా కంప్యూటర్లను కలిపే ఈ విధానానికి 1997లో 802.11 అన్న పేరుతో మొదటి ప్రమాణం ఏర్పడినది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను తక్కువ శక్తితో వాడుకొనటానికి లైసెన్సు అక్కరలేదని 2005లో ప్రభుత్వం నియమం చేసినది. ఆ నియమం వలననే నేడు ఇంటింటా వైఫై నిరాటంకంగా వెలుగుతున్నది. రౌటర్ ఇంటర్నెట్‌ను తెచ్చిపెట్టేదే కాదు, ఇంటిలోని యంత్రాలు ఒకదానితో ఒకటి మాటలాడుకొనే రచ్చబండ కూడా. ఇంటర్నెట్ పోయిన రోజున కూడా ఆ రచ్చబండ పనిచేస్తుంది. ప్రింటర్‌ను పంచుకొనటానికి బయటి లోకంతో నిమిత్తం లేదు.

చేసిన పని చెప్పుకుంటే చిన్నదే. పెద్దవాని కంప్యూటర్‌లో ప్రింటర్ లక్షణాల పుట తెరిచి, ‘పంచుకొనుము’ అన్న గడిలో గుర్తు పెట్టి, దానికి ఒక పేరు ఇచ్చినాము. ఇంటి వైఫైని మూడు కంప్యూటర్లలోను ‘ప్రైవేట్’ నెట్‌వర్క్‌గా మార్చినాము. ‘పబ్లిక్’ అని ఉంటే కంప్యూటర్ తన తలుపులన్నీ మూసుకొని ఎవరికీ కనిపించదు. బస్టాండులోను, హోటలులోను అది మంచిదే. ఇంటిలో మాత్రం అడ్డంకి. తరువాత మిగిలిన రెండు కంప్యూటర్లలో ఆ ప్రింటర్‌కు తగిన డ్రైవర్‌ను వేసినాము. డ్రైవర్ అంటే కంప్యూటర్ మాటను ప్రింటర్‌కు తెలిపే దుబాసీ అనవచ్చును. ఆ సాయంత్రం వంటింటి పక్క గదినుండి నడిమివాడు ఆజ్ఞ ఇవ్వగా, పెద్దవాని గదిలో యంత్రం గుర్రుమని కదలి తెలుగు ప్రశ్నపత్రాన్ని ఒక్క తప్పు లేకుండా కక్కినది. వెంటనే దాని వెనుక ఒక ఉర్దూ రుఖా వచ్చినది. రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి అబ్బా చాలాసేపు చూసినారు.

ఈ పంపకం కొరకే ఒక గొప్ప ఆవిష్కరణ జరిగినదని తరువాత చదువుకొన్నాము. అమెరికాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ సంస్థకు ఒక పరిశోధన కేంద్రం ఉండేది. మన పట్టణాలలో నకళ్ళు తీసే దుకాణానికి పేరైపోయిన జిరాక్స్ అదే. అక్కడ గ్యారీ స్టార్క్‌వెదర్ లేజర్ ప్రింటర్‌ను రూపొందించినాడు. అంతటి ఖరీదైన యంత్రాన్ని ఒక్కొక్క బల్లకు ఒక్కటి చొప్పున పెట్టలేరు. ఆల్టో అనే కంప్యూటర్లు అనేకం ఆ ఒక్క ప్రింటర్‌ను అందుకొనవలెను. ఆ అవసరమే ముఖ్య కారణాలలో ఒకటిగా, 1973లో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్‌కు రూపకల్పన చేసినాడు. నేటికీ కార్యాలయాలలో, కళాశాలల ల్యాబులలో కంప్యూటర్లను కలుపుతున్న తీగల పద్ధతి అదే. ఒక ప్రింటర్‌ను పదిమంది ఎట్లు వాడుకొనవలెనన్న మన ఇంటి ప్రశ్నే అక్కడి పండితుల ప్రశ్న కూడా అయినదని తెలిసి మాకు ధైర్యం కలిగినది.

రెండు సంవత్సరాలు సాఫీగా గడిచినవి. అయితే మేము మరచిన సంగతి ఒకటి ఉన్నది. ప్రింటర్ మా ముగ్గురిదే గాని, దానికి పోయే దారి మాత్రం పెద్దవాని కంప్యూటర్ గుండా ఉన్నది. ఆ కంప్యూటర్ నిద్రపోతే దారి మూసుకొనిపోవును. పైగా ప్రింటర్ అతని గదిలోనే ఉన్నది. ఆ గదికి తాళం ఉన్నది.

2023 జూలైలో చిన్నది ఒక వృత్తివిద్యా కళాశాలలో ప్రవేశానికి, అక్కడి బాలికల వసతిగృహంలో సీటుకు దరఖాస్తు చేసుకొన్నది. ఆన్‌లైన్‌లో నింపిన దరఖాస్తును అచ్చు తీసి, సంతకం చేసి, ధ్రువపత్రాల నకళ్ళతో సంగారెడ్డిలో స్వయంగా అందజేయవలెను. గడువు మరునాటి సాయంత్రం అయిదు గంటలు. ఆదాయ ధ్రువపత్రం ఆ సాయంత్రమే చేతికి వచ్చినది. దాని సంఖ్యను నింపి, రాత్రి పది గంటలకు ఆమె మూడు పుటలకు ఆజ్ఞ ఇచ్చినది. తెరమీద అంతా సవ్యంగానే కనిపించినది. పొద్దున్నే తీసుకొందామని పడుకొన్నది.

ఆ రాత్రే పెద్దవాడు ఒక పెండ్లివారి పని మీద హైదరాబాద్ వెళ్ళినాడు. వెళ్ళే ముందు కరెంటు వృథా కాకూడదని కంప్యూటర్ ఆపినాడు, అలవాటు ప్రకారం గదికి తాళం వేసినాడు, తాళంచెవి జేబులో వేసుకొన్నాడు. ఇందులో ఏ ఒక్క పనీ తప్పు కాదు. అన్నీ జాగ్రత్త గల మనిషి చేసేవే.

తెల్లవారుజామున చిన్నది ఆ తాళం ముందు నిలిచినది. ఫోన్ చేస్తే పెద్దవాడు బస్సులో నిద్రలో ఉన్నాడు. నడిమివాడు తాళం పగులగొడదామన్నాడు. అంత అవసరం లేదు, నారాయణఖేడ్‌లో దుకాణాలున్నవి గదా అని అబ్బా అన్నారు. ల్యాప్‌టాప్‌ను అట్లే తెరిచి ఉంచి, దరఖాస్తును పెన్‌డ్రైవ్‌లో వేసుకొని ఆమె బస్సు ఎక్కినది. దుకాణం పది గంటలకు తెరిచినారు. కరెంటు లేదు. ఇప్పుడు వచ్చును, ఇప్పుడు వచ్చునని నిలబడగా అది వచ్చేసరికి రెండు దాటినది. కాగితాలు తీసుకొని బస్సు పట్టుకొని సంగారెడ్డి చేరేసరికి ఆ కార్యాలయపు తలుపులు మూసినారు. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాటలాడినాడు. నియమం నియమమే.

ఆమె రాత్రి ఇంటికి వచ్చి ఎవరినీ ఒక్క మాట అనలేదు. అన్నం తిని పడుకొన్నది. మరునాడు ఉదయం పెద్దవాడు తిరిగివచ్చి, గది తెరిచి, కంప్యూటర్ మీట నొక్కినాడు. రెండు నిమిషాలకు ప్రింటర్ తనంతట తాను కదిలినది. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. ఒకటి, రెండు, మూడు పుటలు వరుసగా వచ్చి పళ్ళెంలో పడినవి. అవి ఆ దరఖాస్తు పుటలే. రెండు రాత్రులు ఆమె ల్యాప్‌టాప్‌లో వరుసలో నిలిచి, దారి తెరుచుకొనగానే వచ్చినవి. గడువు తేదీ మొదటి పుట మీదనే పెద్ద అక్షరాలలో ఉన్నది. పెద్దవాడు ఆ కాగితాలను చేతిలో పట్టుకొని గుమ్మంలో నిలిచిపోయినాడు. ఆ దృశ్యం మేము ముగ్గురం నేటికీ మరువలేదు.

ఆ సాయంత్రం దాదా అన్నీ విన్నారు. ఆయన నల్లవాగు ప్రాజెక్టు కాలువ కింద చివరి మడి రైతు. కంప్యూటర్ సంగతి ఆయనకు తెలియదు, నీటి సంగతి తెలుసును. “పై మడోడు తూము మూసుకొని పంటే కింది మడోని నారు ఎండ్తది బేటా. ఆడు దొంగ కాదు. కాని నారు ఎండుడు ఎండుడే” అన్నారు. కొంతసేపు ఊరుకొని, “చెరువు కింద నీరటి ఎందుకుంటడు? కాలువకు లష్కర్ ఎందుకుంటడు? తూము ఎవని ఇంట్ల ఉండొద్దు, అందుకే” అన్నారు.

ఈ మాటలోనే మా లోపమూ, దాని మందూ ఉన్నవి. మా ఇంటి తూము ఒకరి ఇంటిలో ఉన్నది. దానిని నడిబజారుకు తేవలెను. ఈ పనిని చిన్నది తనంతట తానే చేపట్టినది. ఎవరికీ చెప్పలేదు. నెలరోజులు పుస్తకాలు తిరగవేసినది, రౌటర్‌ను ముందు పెట్టుకొని కూర్చున్నది. కోపాన్ని మాటలలో పెట్టక ఈ పనిలో పెట్టినదని మాకు తరువాత అర్థమైనది.

మా ప్రింటర్‌కు వైఫై సదుపాయం మొదటినుండీ ఉన్నది. కేబుల్ దగ్గర ఉన్నదని మేమే దానిని వాడలేదు. చిన్నది ప్రింటర్‌ను పెద్దవాని గదినుండి నడవలోకి తెప్పించినది. కేబుల్ తీసివేసి, రౌటర్‌తో నేరుగా కలిపినది. మూడు కంప్యూటర్లలోను పాత దారిని చెరిపివేసి, ప్రింటర్‌ను దాని స్వంత చిరునామాతో తిరిగి చేర్చినది. ఇప్పుడు ఏ కంప్యూటర్ నిద్రపోయినా మిగిలిన వానికి అడ్డు లేదు. ప్రింటర్ పాత తరహాది గనుక 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలనే అందుకొంటుంది. కొత్త ల్యాప్‌టాప్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటుంది. ఒకే రౌటర్ కింద, ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్నంతవరకు ఈ భేదం వలన చిక్కు లేదు. చుట్టాల కొరకు పెట్టే ‘గెస్ట్’ వైఫైలో చేరితే మాత్రం సాధారణంగా ప్రింటర్ కనిపించదు.

పదిహేను రోజులు బాగా నడిచి, ఒకనాడు మరల ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అని మొండికేసినది. దీపం వెలుగుతున్నది, కాగితం ఉన్నది, అయినా పలకదు. ముందురోజు రాత్రి కరెంటు పోయి వచ్చినదని చిన్నది గుర్తు చేసుకొన్నది. రౌటర్ తన కింది యంత్రాలకు చిరునామాలను శాశ్వతంగా ఇవ్వదు, కౌలుకు ఇస్తుంది. కరెంటు పోయి అన్నీ ఒక్కసారిగా మేలుకొన్నప్పుడు ప్రింటర్‌కు వేరొక సంఖ్య దక్కవచ్చును. మా ప్రింటర్ పాత చిరునామా 192.168.1.5 అయితే, కొత్తది 192.168.1.9 అయినది. మా కంప్యూటర్లు పాత ఇంటి తలుపే తడుతున్నవి. దీనికి మందు రౌటర్‌లోనే ఉన్నది. ప్రతి యంత్రానికి తయారైననాడే ఇచ్చిన పన్నెండు అంకెల, అక్షరాల గుర్తు ఒకటి ఉండును. ఈ గుర్తు గలవానికి ఎల్లప్పుడూ ఈ చిరునామానే ఇమ్మని రౌటర్‌లో వ్రాసిపెట్టవచ్చును. చిన్నది అట్లే వ్రాసినది. ఆనాటినుండి ఆ చిక్కు మరల రాలేదు. మన ఇండ్లలో ‘ప్రింటర్ పాడైనది’ అని పక్కన పెట్టిన యంత్రాలలో కొన్నిటి జబ్బు ఇదే కావచ్చును.

రౌటర్‌కు ఒక చిన్న బ్యాటరీ పెట్టె కూడా కొన్నాము. దానికి ప్రింటర్‌ను తగిలించలేదు. లేజర్ ప్రింటర్ పొడి సిరాను కాగితం మీద కరిగించి అతికించటానికి లోపల ఒక గొట్టాన్ని దాదాపు 200 డిగ్రీల వేడికి తెస్తుంది. ఆ క్షణాన లాగే కరెంటును చిన్న పెట్టె భరించలేదు. కాబట్టి కరెంటు లేనప్పుడు మా ఇంట అచ్చు లేదు. ఇది తీరని కొరతే. దీనికి మేము కనుగొన్న ఉపాయం ఒక్కటే. గడువు ఉన్న కాగితాన్ని ముందునాడే అచ్చు తీయటం, తీసిన కాగితాన్ని చేతిలో పట్టుకొన్న తరువాతనే నిద్రపోవటం. తెరమీద ‘పంపబడినది’ అన్న మాటను కాగితంగా భావించరాదు.

యంత్రం కుదిరిన తరువాత మనుషుల సంగతి మిగిలినది. అరవై పుటల ప్రశ్నపత్రాలు ముందు నిలిస్తే వెనుక ఉన్న ఒక్క పుట అర్జీ ఆగవలసి వచ్చును. ప్రింటర్‌కు వంతు తెలుసును గాని అవసరం తెలియదు. కనుక పెద్ద పని ఉన్నవారు రాత్రి తొమ్మిది తరువాతనే పంపవలెనని, గడువు గల కాగితం వస్తే ఎవరి పనినైనా ఆపి దారి ఇవ్వవలెనని అనుకొన్నాము. కాగితం ఇరుక్కున్నా, సిరా తగ్గినా చూసినవారే ముందు మిగిలిన ఇద్దరికీ తెలుపవలెను. ఎవరు ఎన్ని పుటలు తీసినదీ నడవలోని నోటుపుస్తకంలో వ్రాయవలెను. నెలాఖరున కాగితం, సిరా ఖర్చు దానిని బట్టి పంచుకొంటున్నాము.

కాగితం ఇరుక్కున్న కబురు అందరికీ తెలియటం చిన్న విషయమని అనుకోరాదు. అమెరికాలోని ఎం.ఐ.టి. ల్యాబులో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన ఉండేవాడు. వారి ప్రింటర్ మరొక చోట ఉండేది. కాగితం ఇరుక్కుంటే, ఎదురుచూస్తున్న వారందరి తెరమీదికీ కబురు వచ్చేటట్లు ఆయన పాత ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌ను మార్చుకొన్నాడు. సుమారు 1980లో కొత్త లేజర్ ప్రింటర్ వచ్చినది. దాని సాఫ్ట్‌వేర్ మూలప్రతిని ఇవ్వలేదు. అడిగితే ఒప్పందం ప్రకారం ఇవ్వరాదన్నారు. తాము వాడే యంత్రాన్ని తామే చక్కదిద్దుకొనే హక్కు లేకపోవటం ఆయన మనసును కలచివేసినది. 1983లో ఆయన ప్రకటించిన గ్ను ఉద్యమం వెనుక ఉన్న అనుభవాలలో అది ఒకటి. నేడు అందరికీ ఉచితంగా, స్వేచ్ఛగా లభించే ఎన్నో సాఫ్ట్‌వేర్‌లు ఆ ఉద్యమం వేసిన బాటలో వచ్చినవే.

ఒక హెచ్చరిక కూడా చెప్పవలెను. పంచుకొనటం అంటే వాకిలి బార్లా తెరవటం కాదు. వైఫైకి గట్టి పాస్‌వర్డ్ పెట్టవలెను. ప్రింటర్‌తో పాటు వచ్చిన తాత్కాలిక పాస్‌వర్డ్‌ను మొదటిరోజే మార్చవలెను. 2021లో విండోస్‌లోని ముద్రణ విభాగంలో ‘ప్రింట్‌నైట్‌మేర్’ అన్న పెద్ద లోపం బయటపడినది. ముద్రణ దారిగుండా పరాయివారు కంప్యూటర్‌ను వశం చేసుకొనే ప్రమాదం అందులో ఉన్నది. దానిని సరిచేసే మార్పులు వచ్చిన తరువాత ఎన్నోచోట్ల ప్రింటర్ల పంపకం కొంతకాలం తడబడినది కూడా. అట్టి మార్పులను ఎప్పటికప్పుడు వేసుకొనటం మన రక్షణకే. నడవలోని ప్రింటర్ పళ్ళెంలో పడిన కాగితం ఎవరి కంటనైనా పడవచ్చును. పరుల కాగితాన్ని చదవక, బోర్లించి పక్కన పెట్టటం మేము అలవాటు చేసుకొన్నాము.

చిన్నది ఆ సంవత్సరం అనుకొన్న చోటికి పోలేదు. ఈ కళాశాలలో చేరినది. ఇక్కడ చదువు బాగానే సాగుతున్నది. ఆ మాట ఆమే చెప్పి వ్రాయించినది. కాని తాను ఎంచుకొన్న చదువు అది కాదన్న మాటను కూడా దాచవద్దన్నది. పెద్దవాడు ఇప్పుడు ఊరికి పోయేటప్పుడు తన గదికి తాళం వేయటం లేదు. ఈ విషయంలో వారిద్దరి మధ్య ఇంతకుమించిన మాట జరగలేదు.

ఇక కమిటీ పెద్దలకు ఒక మనవి. మన విద్యార్థులలో ఎక్కువమందికి ఇంటిలో ప్రింటర్ లేదు. ఉపకారవేతనాలకు, పరీక్ష రుసుములకు, పై చదువులకు దరఖాస్తులు ఆన్‌లైన్‌లో నింపినా చివరకు అచ్చు ప్రతి అడిగేవారు ఇంకను ఉన్నారు. గడువు దినాలలోనైనా కళాశాలలోని ఒక ప్రింటర్‌ను ల్యాబు తాళం బయట, కార్యాలయపు వసారాలో ఉంచి, సాయంత్రం వరకు విద్యార్థులకు అందుబాటులో పెట్టవలసినదని కోరుతున్నాము. దానికి స్థిరమైన చిరునామా ఇచ్చి, ఉర్దూ వారైనా తెలుగు వారైనా తమ తమ ఫోన్‌నుండి, ల్యాప్‌టాప్‌నుండి పుటను పంపుకొనే ఏర్పాటు చేయవచ్చును. పుటకు ఇంత అని రుసుము పెట్టినా ఎవరూ కాదనరు. ఆ ఏర్పాటుకు కావలసిన పనిని సెలవు దినాలలో వచ్చి చేసిపెట్టటానికి మేము ముగ్గురం సిద్ధంగా ఉన్నాము.

ఈ వ్యాసపు తెలుగు ప్రతిని నడిమివాని కంప్యూటర్‌నుండి తీసినాము. ఇదే సంచికలోని ఉర్దూ భాగానికి పెద్దవాడు టైపు చేసి ఇచ్చిన పుటలు దాని వెనుకనే వచ్చినవి. రెంటినీ కలిపి ఒక కవరులో పెట్టి, చిన్నదాని చేత గడువుకు మూడు రోజుల ముందే సంపాదకవర్గానికి పంపుతున్నాము.